నల్లబెల్లం దిమ్మ

"ఇడ్డెన్లు చల్లారిపోతన్నాయి," అంది కనకమహాలక్ష్మి, మూడోసారి.

త్రినాధరావు పళ్ళెం వైపు చూడలేదు. గోడకున్న క్యాలెండరుతో ఏదో పాతపగ ఉన్నట్టు దానికేసే చూస్తూ కూర్చున్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన ఇంట్లో మెతుకు ముట్టలేదు. అలాగని పస్తున్నదీ లేదు. సాయంత్రం కొట్టు పక్క హోటల్లో రెండు పెసరట్లు తిన్నాడన్న కబురు ఆవిడకి చేరనే చేరింది. అలిగినా కడుపు మాడ్చుకునే మనిషి కాదు.

ఇద్దరి మధ్యా బల్లమీద ఆవిడ ఫోను బోర్లా పడి ఉంది. కొంపకి నిప్పు పెట్టింది అదే.

నిన్న భోజనాలవేళ, తన ఘనకార్యం చుట్టాల ఆడవాళ్ళకి కూడా చేరాలన్న ఉబలాటంతో త్రినాధరావు పెళ్ళాం ఫోను తీసుకున్నాడు, తన వీడియో తానే పంపుకుందామని. పంపబోతూ కూతురు తల్లికి పంపిన ఫొటోలు చూశాడు. పునాది ఫొటో, గోడ ఫొటో, పైకప్పు ఫొటో. ప్రతిదాని కిందా ఒకటే మాట. "నాన్నకి చెప్పకు."

ఆ వీడియోలో ఆయన కొత్తగా కట్టిన పట్టణ కళాభవనం ముందు నిలబడి, కండువా సర్దుకుని, ఊరి తరఫున తీర్పు చెప్పాడు. "ఇది భవనం కాదండి. నల్లబెల్లం దిమ్మ. దిమ్మకి కన్నాలు పొడిచి కళాభవనం అంటే అయిపోద్దేటి?"

బెల్లం ఎరగని ఊళ్ళో అయితే ఆ మాటకి నవ్వి ఊరుకుంటారు. అనకాపల్లిలో అది తిట్టు. పసిడిరంగు దిమ్మ దేవుడి ప్రసాదంలోకి పోతుంది, పెళ్ళి పందిట్లోకి పోతుంది. నల్లబెల్లం సారాబట్టీలకి పోతుంది. నల్లదిమ్మలు కొట్లో కనబడితే ఎక్సైజువాళ్ళు గుమ్మంలో కనబడతారు. అలాంటి దిమ్మని మూడంతస్తుల ఎత్తున ఊరి మధ్య నిలబెడితే, బస్సులో పోయేవాడు ఈ ఊరి గురించి ఏమనుకుంటాడని త్రినాధరావు బాధ. బెల్లం వర్తక సంఘానికి పదకొండేళ్ళుగా అధ్యక్షుడాయన. ఊళ్ళో ఏది నలుపో ఏది పసుపో తేల్చే హక్కు తనకే ఉందని ఆయన నమ్మకం. నమ్మేవాళ్ళూ కొందరున్నారు, ఏం చేస్తాం.

ఆ దిమ్మని గీసి కట్టించింది తన కూతురు ధనశ్రీ అని ఆయనకి నిన్నటిదాకా తెలియదు.

"రెండేళ్ళు," అన్నాడు త్రినాధరావు క్యాలెండరుతో. "రెండేళ్ళు తల్లీ కూతుళ్ళు నాకాడ నాటకం ఆడేరు."

"నాటకమైతే టిక్కెట్టు కొని చూసేవోరు ఉండాలి. మీరు ఆ వేపే రాలేదు."

"అదే కట్టిందని ముందే చెప్తే..."

"చెప్తే? నల్లబెల్లం పసుపెక్కిపోద్దేటండీ?"

ఆయన మొదటిసారి భార్యవైపు తిరిగాడు. "ఎక్కదు. అదే మాట అందును. కాకపోతే వీధిలో అనకండా ఇంట్లో అందును."

కనకమహాలక్ష్మికి ఒళ్ళు మండింది. ముప్ఫయ్యయిదేళ్ళ కాపరంలో ఈ మనిషి తప్పు ఒప్పుకున్నది ఒక్కసారి. అదీ రైలు తప్పిపోయినప్పుడు, అదీ గడియారం మీద పెట్టి.

"పదకొండు గంటలకి మీటింగు," అంది. "సంఘం తరఫున ఏం మాటాడతారో అది చెప్పండి ముందు."

సంగతి ఇది. ఊళ్ళో గోల ముదిరి, పురపాలక కమిషనరు ఇవాళ ఆ భవనంలోనే ప్రజాభిప్రాయ సభ పెట్టింది. సంఘం కోరిక చిన్నదే. ఆ నల్లగోడల్ని కనబడకుండా చుట్టూ బంగారురంగు రేకులతో కప్పాలి. ముందు సిమెంటు చెరుకుగెడలతో పెద్ద ఆర్చి కట్టాలి. ఇంత గొప్ప ఊహ సంఘం కార్యదర్శి దేవీప్రసాద్‌ది. ఇళ్ళ ముందు తగిలించే ఎలివేషన్ రేకుల కొట్టు కూడా దేవీప్రసాద్‌దే. రెండూ ఒకే బుర్రలో ఉండటం యాదృచ్ఛికం అనుకునేవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. అందులో త్రినాధరావు ఒకడు.

ఆయన జవాబు చెప్పేలోగా బయట కారు ఆగింది.

ధనశ్రీ విశాఖపట్నం నుంచి వచ్చింది. ముప్ఫైమూడేళ్ళ మనిషి, జుట్టు గట్టిగా ముడేసుకుని, చేతిలో కాగితాల గొట్టంతో. నాన్నని పలకరించలేదు. అమ్మనీ పలకరించలేదు. తండ్రి ముందున్న పళ్ళెం తన వైపు లాక్కుని ఇడ్డెనుముక్క చట్నీలో ముంచింది.

"అది నాన్నది," అంది తల్లి.

"తినడం లేదు కదా."

 కూతురు తింటుంటే తిట్టకూడదన్న మర్యాద త్రినాధరావుకి ఇంకా మిగిలి ఉంది. రెండో ఇడ్డెను అయ్యేదాకా ఆగాడు.

"ఏటమ్మా అది? ఏటని గీసేవు దాన్ని?"

"చుట్టిల్లు నాన్నా. గుండ్రంగా, మందం గోడతో. మన తీరంలో గాలివానకి నిలబడే ఇల్లు అదొక్కటే. దాన్నే పెద్దది చేసేను."

త్రినాధరావు నవ్వాడు. ఆ నవ్వు వేలంపాటలో నాసిరకం సరుకు చూసినప్పుడు నవ్వే నవ్వు.

"చుట్టిల్లు! మా తాత చుట్టింట్లో పుట్టేడు. మా నాయన పెంకుటిల్లు కట్టేడు. నాను డాబా ఏసేను. చుట్టింట్లోంచి బయటికి రాడానికి మాకు మూడు తరాలు పట్టిందే. నువ్వు అయిదేళ్ళు చదువుకొచ్చి, ఊరందర్నీ మళ్ళీ అందులోకే తోలుతున్నావు."

ధనశ్రీ నమలడం ఆపింది. ఈ మాట ఆమె ఊహించినట్టు లేదు. రంగు గురించి అంటాడనుకుంది, ఆకారం గురించి అంటాడనుకుంది.

"హుద్‌హుద్ తుపానుకి నీ డాబా మీద రేకులషెడ్డు ఎటెళ్ళింది?" అంది చివరికి.

"ఎటెళ్తే ఏటి? పక్కింటోడి గేదె మీద పడింది. గేదె బతికింది. రేకు రేకే, గుడిసె గుడిసే."

"గేదె ఈనలేదు మళ్ళీ," అంది కనకమహాలక్ష్మి.

ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు.

"నల్లగా ఎందుకు పూయించేవు?"

"పూయించలేదు. మట్టీ సున్నం కలిపి మెత్తితే ఆ రంగే వత్తాది. అది మట్టి సొంత రంగు."

"సొంత రంగులో అమ్ముడుపోయే సరుకు మా బెల్లం యార్డులో నానింతవరకూ చూళ్ళేదు," అన్నాడు త్రినాధరావు.

ధనశ్రీ పళ్ళెం పక్కకి జరిపి చెయ్యి కడుక్కొచ్చింది. వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"నాన్నా, నువ్వు మీటింగులో ఏం చెప్పాలనుకున్నావో అదే చెప్పు. తిట్టాలనుంటే తిట్టు. మా పెద్దసారు చంద్రమౌళిగారు జవాబు చెప్తారు. ఒక్కటే అడుగుతన్నాను. నేను నీ కూతుర్నని మాత్రం అనకు."

"ఏం? నామోషీయా?"

"నలబై ఆఫీసులు పోటీకొత్తే మాది ఎంచేరు. పేర్లు చూడకండా, బొమ్మలు చూసి ఎంచేరు. ఇప్పుడు సంఘం ప్రెసిడెంటు కూతురు గీసిందని బయటికొత్తే ఆ మాట ఎవడు నమ్ముతాడు? రేకులు తగిలించడంతో ఆగదు. మిగతా పని ఆపేత్తారు, నా పేరు తీసేత్తారు. ఇంకే ఊళ్ళోనూ నాకు సర్కారు పనివ్వరు."

త్రినాధరావు లేచాడు. చిలక్కొయ్యకున్న కండువా తీసి భుజాన వేసుకున్నాడు. సరే అనలేదు, కాదనలేదు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

"సరేనన్నట్టే," అంది కనకమహాలక్ష్మి.

ఆయన మౌనానికి ఆవిడ చెప్పే అర్థాలు ఎప్పుడూ ఆవిడకి కావలసినవే.

* * *

కళాభవనం దగ్గరికి వచ్చేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. ధనశ్రీ పెద్దసారుతో మాట్లాడాలని ముందే వెళ్ళిపోయింది. కనకమహాలక్ష్మి ఆటో దిగి ఆ గుండ్రటి గోడ చుట్టూ సగందూరం నడిచి, గుమ్మం కనబడక, మళ్ళీ వెనక్కి సగందూరం నడిచి, చివరికి వాచ్‌మన్‌ని అడిగితే, అతనే లోపల కూతురి దాకా దిగబెట్టాడు. రెండుసార్లు వచ్చి చూశానని కూతురికి ఫోన్లో చెప్పిన మనిషి ఆవిడ. ఎంత బాగా వచ్చిందే అని కూడా చెప్పింది. ఫోన్లో చెప్పేటప్పుడు గుమ్మం ఎటో తెలియక్కర్లేదు.

లోపల నాలుగొందలమంది ఉన్నారు. వేదిక మీద కమిషనరు, చిన్నవయసు అమ్మాయి, ముందు కాగితాలు పెట్టుకుని కూర్చుంది. పక్కన ఖద్దరుచొక్కా చంద్రమౌళి, పెళ్ళిచూపులకొచ్చిన పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. కనకమహాలక్ష్మి కూతురు పక్కన వెనక వరసలో కూలబడి, పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

అప్పటికే దేవీప్రసాద్ మైకు పట్టుకున్నాడు. మైకు దొరికితే వదిలే అలవాటు ఆయన వంశంలో లేదు.

"ఇజీనారం ఎళ్ళండి, రాజమండ్రి ఎళ్ళండి. కళాభవనం అంటే ఎలాగుంటాది? అద్దాలుండాలి. తళతళ మెరవాలి. ముందు నిలబడి ఫొటో తీసుకుంటే ఫేసు వెలగాలి! ఇక్కడ ఫొటో తీసుకుంటే ఏటవుతాది? మనిషీ గోడా ఒకటే రంగులో పడతన్నాయి!"

జనం నవ్వారు. తరవాత ఇంకొకాయన లేచి, వాస్తు ప్రకారం గుండ్రటి భవనానికి ఈశాన్యం ఏదో చెప్పమని సవాలు చేశాడు. ఇంకొకాయన, ఇంత ఊరికి ఒక్క గోపురమైనా లేకపోతే ఎలాగని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంకొకావిడ ఇది అచ్చం బోర్లించిన గుండిగలా ఉందనీ, చూస్తుంటే తనకి వంటింటి చాకిరీ గుర్తొస్తోందనీ చెప్పింది. అందరికన్నా ఆవిడే కాస్త నిజం మాట్లాడిందని కనకమహాలక్ష్మికి అనిపించింది.

చంద్రమౌళి లేచి గాలి ఎటునుంచి వచ్చి ఎటుపోతుందో చెప్పబోయాడు. ఆయన ఇంగ్లీషు ముక్కలు నాలుగు వాడేసరికి వెనకనుంచి ఎవడో ఈల వేశాడు. ఆయన కూర్చున్నాడు.

అప్పుడు కనకమహాలక్ష్మి యథాలాపంగా పైకి చూసింది. ఫ్యాన్లు తిరగడం లేదు.

ఎప్పుడు ఆగాయో! మైకు మీది ఎర్రదీపం కూడా ఆరిపోయి ఉంది. కరెంటు పోయి పావుగంటైనా అయి ఉంటుంది. బయట మే నెల ఎండ. ఇంట్లో అయితే ఈపాటికి విసనకర్రలకోసం కొట్టుకునేవాళ్ళు. ఇక్కడ నాలుగొందలమంది ఒళ్ళు చల్లగా, నోళ్ళు వేడిగా, ఒకడి తరవాత ఒకడు లేచి ఈ భవనం ఎందుకూ పనికిరాదని చెపుతున్నారు. చచ్చిన మైకులోకి మాట్లాడుతున్నారు. మాట్లాడింది ప్రతి ముక్కా వెనక వరసలో ఆవిడకి వినిపిస్తూనే ఉంది.

"కరెంటు లేదే," అంది కూతురి చెవిలో.

"తెలుసు," అంది ధనశ్రీ.

"చెప్పొచ్చు కదా వీళ్ళకి!"

"చెప్తే ఉక్కపోత మొదలవుద్ది."

కూతురి నోట అంత చేదు కనకమహాలక్ష్మి ఎప్పుడూ వినలేదు.

ఇంతలో పక్కవరసలోంచి ఒక ముసలి రైతు లేచాడు. దేవరాపల్లి వేపు మనిషి, పోతురాజు పేరు. బెల్లం వండుతాడు, త్రినాధరావు కొట్టుకే సరుకు తెస్తాడు.

"నాను సదువుకోనేదు బాబూ. నలుపు నలుపంతన్నారు. మందెయ్యకండా వండితే బెల్లం ఈ రంగులోనే వత్తాది. పసుప్పచ్చగా నేకపోతే ధర కొయ్యీసేది మీరే. మీకోసరం మందు కలిపి పసుపెక్కిత్తన్నాం. ఇప్పుడు గోడక్కూడా మందెయ్యమంతారేటి?"

"కూర్చోవయ్యా, ఇది గానుగ కాదు!" అన్నాడు దేవీప్రసాద్. సంఘంవాళ్ళు నవ్వారు. త్రినాధరావు మాత్రం నవ్వలేదు. ముందువరసలో ఆయన మెడ వెనక భాగం ఎర్రబడటం భార్యకి కనిపించింది.

"ఇప్పుడు మన సంఘం అధ్యక్షులు, బెల్లానికే భాష నేర్పిన పెద్దలు," అని దేవీప్రసాద్ చెయ్యి చాచాడు. "రా బావా. తేల్చీ ఒక్క ముక్కలో."

త్రినాధరావు లేచి మైకు తీసుకున్నాడు. ఒకసారి దానివైపు చూసి, ఎర్రదీపం లేకపోవడం గమనించి, బల్లమీద పెట్టేశాడు. ఆ సభలో మైకుని గమనించిన మొదటి మగవాడు ఆయనే. కానీ ఆ మాట పైకి అనలేదు.

"మా యార్డులో ఒక పద్ధతుంది," అని మొదలుపెట్టాడు, వేలంపాటలతో అరిగిన గొంతుతో. "కొత్తోళ్ళకి తెలీదు, చెప్తన్నాను. సొంత చేలో బెల్లం వేలానికొచ్చిన నాడు వర్తకుడు ధర పాడకూడదు. దిమ్మ గిల్లి చూడకూడదు. మంచిదనకూడదు, చెడ్డదనకూడదు. పక్కకెళ్ళి నిలబడాలి. మా నాయన అలాగే నిలబడ్డాడు. నానూ అలాగే నిలబడ్డాను."

కనకమహాలక్ష్మి కూర్చున్నచోటే ముందుకి వంగింది. పక్కన ధనశ్రీ "వద్దు నాన్నా" అని గొణిగింది.

"మొన్న తెలీక దీనికి ధర కట్టీసేను. తప్పు. దీన్ని గీసింది మా అమ్మాయి ధనశ్రీ. ఇది నా ఇంటి సరుకు. అంచేత దీన్ని గురించి సంఘం తరఫున నాను మాటాడను. నాను పక్కకెళ్ళి నిలబడతాను."

అన్నట్టే వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. ఇంటి పరువు వీధిన పడేసినా మనిషి నిటారుగానే నిలబడ్డాడు.

 ఆ తరవాత నాలుగొందలమందీ ఒకేసారి మాట్లాడారు.

దేవీప్రసాద్ మొహం మీద ఆశ్చర్యం ఉండాల్సిన చోట పండగ ఉంది. "ఓహో! అదా సంగతి బావా! కూతురికి కాంట్రాక్టు ఇప్పించుకుని, మాకాడ వీడియోలు తీసి తిట్టి, ఎవడికీ అనుమానం రాకండా! ఏం తెలివి, ఏం తెలివి!"

"నిన్నటిదాకా నాకు తెలీదు," అన్నాడు త్రినాధరావు.

"కూతురు ఊరి నడిబొడ్డున కొండంత కడతంటే తండ్రికి తెలీదంట! వింటన్నారా?"

అంతా విన్నారు. నవ్వు గోడ చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది.

కమిషనరు బల్ల చరిచింది. "త్రినాధరావుగారూ, ఇది చిన్న విషయం కాదు. ఎంపికలో మీ ప్రమేయం ఉందని ఎవరైనా రాసిస్తే నేను మిగిలిన పనులన్నీ ఆపాలి, ఆవిడ పేరు తొలగించి మళ్ళీ మొదలుపెట్టాలి. మీకు తెలియదన్న మాటకి సాక్ష్యం ఏదైనా ఉందా?"

ఆయన దగ్గర ఏముంటుంది? తెలియకపోవడానికి రసీదు ఉండదు. ఉన్న ఒక్క ఫోనూ ఇంట్లో బల్లమీదే బోర్లా పడి ఉంది.

కనకమహాలక్ష్మి లేచింది. ధనశ్రీ కొంగు పట్టుకుంది. ఆవిడ విడిపించుకుంది. రెండేళ్ళుగా కడుపులో దాచుకున్నది, ముప్ఫయ్యయిదేళ్ళుగా నోట్లో దాచుకున్నది ఒకేసారి తోసుకొచ్చాయి.

"నేను ఆయన భార్యనండి. ఆయనకి తెలీదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. అల్లుడి ఆఫీసులో పైవాడు ఎప్పుడు రిటైరవుతాడో ఈయనకి తెలుసు. అల్లుడి ప్రమోషను తారీకు తెలుసు. కూతురు ఏం పని చేత్తందో తెలీదు. ఆ పిల్ల పనిచేసే ఆఫీసు పేరేటో చెప్పమనండి. ఇప్పుడు, ఇక్కడ చెప్పమనండి చూద్దాం!"

కమిషనరు అడగలేదు. కొంత మర్యాద ఎరిగిన పిల్ల. దేవీప్రసాద్ అడిగాడు.

"ఏటి బావా, పేరేటి?"

త్రినాధరావు కండువా సర్దుకున్నాడు. గోడ బయట, గుమ్మం పక్కన, నల్లరాతి మీద చెక్కి ఉంది ఆ పేరు. మనిషికి గుర్తురాలేదు.

"ఏదో ఇంగ్లీషు పేరు," అన్నాడు.

ఈసారి నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. ముందువరసలో ఎవడో కన్నీళ్ళు తుడుచుకున్నాడు. త్రినాధరావు కండువా భుజంమీంచి జారింది. దాన్ని తీసుకోకుండానే, ఎవరివైపూ చూడకుండా, జనం మధ్యలోంచి గుమ్మంవైపు నడిచాడు. పోతురాజు ఒక్కడే లేచి దారిచ్చాడు. లేచి ఆ కండువా తీసి దులిపి చేత్తో పట్టుకుని, వెనకే వెళ్ళాలో వద్దో తెలియక నిలబడిపోయాడు.

కమిషనరు గుమాస్తాని పిలిచి, ఈవిడ చెప్పిందంతా రాయమంది. సంతకం పెడితే ప్రమేయం లేదని నమోదు చేస్తానంది. అరగంట విరామం అంది. జనం చల్లటి హాలు వదిలి బయటికి వెళ్ళడానికి ఇష్టంలేక అక్కడక్కడే గుంపులు కట్టారు.

కనకమహాలక్ష్మి గెలిచినదానిలా పైట సర్దుకుంది.   ధనశ్రీ దగ్గరికొస్తుంటే, కూతురు తన భుజంమీద తల పెడుతుందనుకుని కాస్త పక్కకి తిరిగి చోటిచ్చింది.

"ఆ కాయితం మీద సంతకం పెట్టకు," అంది ధనశ్రీ.

"పిచ్చేటే? పెట్టకపోతే నీ పేరు తీసేత్తారు!"

"తియ్యనీ. నాన్నని అలాగ నలుగురిలో పడగొట్టి నా గోడ నిలబెట్టక్కర్లేదు."

"ఆ మనిషి నిన్ను ఊరంతా నవ్వేలాగ తిట్టేడే!"

"తిట్టేడు. ఆ వీడియో నువ్వు చివరిదాకా చూసేవా?"

కనకమహాలక్ష్మి చూడలేదు. మొదటి మాటకే కోపమొచ్చి ఆపేసింది.

"తూరుపు వేపు కిటికీలు పదకొండు, పడమట ఆరే ఏటి అని తిట్టేడు. సరిగ్గా పదకొండూ ఆరూనే అమ్మా. గోడ అడుగున రెండు జానలు ఎక్కువ మందం, డబ్బు తగలేసేరు అన్నాడు. ఆ రెండు జానలు తనిఖీకొచ్చిన ఇంజనీర్లే చూళ్ళేదు. రోజూ కొట్టు తెరిసేముందు వచ్చి చుట్టూ తిరుగుతున్నాడంట. వాచ్‌మన్ చెప్పేడు. ఎందుకు కట్టేరో, ఎలా కట్టేరో మేస్త్రీలని పట్టుకుని అడుగుతున్నాడంట." ధనశ్రీ గొంతు తగ్గించింది. "ఇందాక నువ్వు గుమ్మం ఎటో అని అడిగింది కూడా ఆ వాచ్‌మన్నే."

కనకమహాలక్ష్మి గుమ్మంవైపు చూసింది.

"నాన్న చూసి తిట్టేడు," అంది ధనశ్రీ. "నువ్వు చూడకండా మెచ్చుకున్నావు."

గుమాస్తా, కూతురు ఏం పని చేస్తోందో తండ్రికి తెలియదని రాసిన కాగితం తెచ్చి బల్లమీద పరిచి, పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఇక్కడండమ్మా," అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ.